పువ్వు పూయని మొక్కల వెంట ఆరు రోజులు

మొదటి రోజు: హనుమకొండ నుంచి లక్నవరం

బస్సులో కండక్టర్ నా చంకలోని చెక్క చట్రం చూసి "గిదేంది మేడం, మంచమా?" అన్నాడు. మొక్కల్ని పాత పేపర్ల మధ్య పెట్టి నొక్కే ప్రెస్సు అది. రెండు చెక్క జాలీలు, రెండు బెల్టులు, మధ్యలో మూడు నెలల దినపత్రికలు. నాకు జీరో టికెట్, మా తమ్ముడి కొడుక్కి డబ్బులు. ప్రెస్సుకు ఏం కొట్టాలో ఆయనకు తోచక వదిలేశాడు.

ఈ ప్రయాణానికి కారణం క్లాసులో ఓ పిల్ల అడిగిన ప్రశ్న. ఫెర్న్‌లనే పువ్వు పూయని మొక్కల పాఠం పిల్లలకు నిద్ర తెప్పిస్తుందని ప్రతి ఏడూ మధ్యలో అసెన్షన్ దీవి కథ చెబుతాను. అట్లాంటిక్ సముద్రం నడుమ, ఆఫ్రికా ఒడ్డుకు 1,600 కిలోమీటర్ల దూరంలో ఉన్న అగ్నిపర్వత దీవి అది. వైశాల్యం 88 చదరపు కిలోమీటర్లు. అక్కడి గ్రీన్ మౌంటెన్ మీద తప్ప ప్రపంచంలో మరెక్కడా పెరగని ఫెర్న్ ఒకటుంది, అనోగ్రామా అసెన్షనిస్. చూడ్డానికి అచ్చం కొత్తిమీర మొలక. 1958 తర్వాత అది ఎవరికీ కనబడలేదు. 2003లో అంతరించినట్టు రాసేశారు. 2009లో స్టెడ్సన్ స్ట్రౌడ్, ఫిల్ లాంబ్డన్ అనే ఇద్దరికి ఆ కొండ వాలు మీద నాలుగంటే నాలుగు మొక్కలు దొరికాయి. అవి ఎండిపోకుండా తాళ్లు కట్టుకుని దిగి నీళ్లు పోశారు. సిద్ధబీజాలు, అంటే విత్తనాలకు బదులు ఫెర్న్‌లు రాల్చే కణాలు, ఉన్న ఆకు ముక్కల్ని విమానంలో లండన్ దగ్గర 'క్యూ' అనే వృక్షశాస్త్ర తోటకు పంపితే, అక్కడి ల్యాబులో కొత్త మొక్కలు లేచాయి.

ఎప్పుడూ ఇక్కడికి వచ్చేసరికి పిల్లలు కాస్త కళ్లు తెరుస్తారు. ఈ ఏడు గోవిందరావుపేట వైపు నుంచి వచ్చే అమ్మాయి లేచి అడిగింది: "మా లక్నవరం చెర్వుల సుత దీవులున్నయి కద మేడం. అండ్ల ఏం ఫెర్న్‌లున్నయ్?"

పద్దెనిమిదేళ్లుగా బోటనీ చెబుతున్నాను. నాకు తెలీదు. లైబ్రరీలో వెతికితే జిల్లా మొక్కల జాబితాలు దొరికాయి గానీ అన్నీ పూల మొక్కలవే. ఫలానా దీవిలో ఫలానా ఫెర్న్ అని చెప్పే కాగితం ఒక్కటీ నా చేతికి రాలేదు.

సాయంత్రం చల్వాయి దగ్గర దిగి ఆటో ఎక్కి లాడ్జికి చేరేసరికి వాన మొదలైంది. మావాడు ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. జీపీఎస్, ఫొటోలు వాడి పని. "అత్తా, అంతా గడ్డే కదా, ఆరు రోజులు అవసరమా?" అన్నాడు మిర్చి బజ్జీ కొరుకుతూ.

రెండో రోజు: దీవులు

పొద్దున ఏడింటికి పడవ. అనుమతి కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి మెడకు వేసుకున్నాను. వానకు అది కూడా తడిసింది.

పడవ నడిపే అన్నకు యాభై దాటి ఉంటాయి. ఫెర్న్ అంటే ఏమిటో చెప్పడానికి ఫోన్‌లో బొమ్మ చూపించాను. "గిదా? రాళ్ల సందుల మస్తుంటది. పేరేం లేదు మేడం, గడ్డే." మావాడు నా వంక చూసి నవ్వాడు.

లక్నవరం దీవులంటే నిజానికి గుట్టల తలలు. పదమూడో శతాబ్దంలో కాకతీయులు గుట్టల మధ్య కట్ట పోసి నీళ్లు ఆపారు. నీళ్లు లోయల్ని నింపాయి, శిఖరాలు పైకి తేలాయి. ఈ దీవుల వయసు ఎనిమిది వందల ఏళ్లు. ఒడ్డు నుంచి పడవలో కొద్ది నిమిషాల దూరం. కొత్త జాతి పుట్టడానికి ఈ వయసూ చాలదు, ఈ దూరమూ చాలదు. ఫెర్న్ సిద్ధబీజం కంటికి ఆనని దుమ్ము కణం. గాలికి సముద్రాలే దాటేస్తుంది, చెరువొక లెక్కా. అందుకే ఇక్కడ మాత్రమే ఉండే ఫెర్న్ దొరుకుతుందన్న ఆశతో నేను పోలేదు. పోలేదని చెప్పుకుంటున్నాను గానీ, పడవ ఒడ్డుకు తగిలినప్పుడు గుండె కాస్త వేగంగానే కొట్టుకుంది.

నేను చూడాలనుకున్నది మేకల సంగతి. పదహారో శతాబ్దంలో అసెన్షన్ మీద పోర్చుగీసు వాళ్లు మేకల్ని వదిలారు, తినడానికి మాంసం ఉంటుందని. అవి కొండంతా నాకేశాయి. 1843లో అక్కడికి వచ్చిన వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్ చెట్లు నాటమని సలహా ఇచ్చాడు. నౌకల్లో మొక్కలు వచ్చాయి, కొండ పచ్చబడింది. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. ఆ పచ్చదనం కిందే అక్కడి సొంత ఫెర్న్‌లకు చోటు లేకుండా పోయింది. బయటి నుంచి వచ్చి వాటి రాళ్లను ఆక్రమించిన వాటిలో ఒక అడియాంటం కూడా ఉంది. మన హంసపది కూడా అడియాంటం ఫెర్నే, దానికి అది దాయాది.

మేం వెళ్లింది మనుషులు పెద్దగా దిగని చిన్న దీవికి. ఉత్తరం వైపు నీటి అంచు నుంచి రెండు నిలువుల ఎత్తున రాతి పగులు ఉంది. పై నుంచి నీరు కారదు, చెమట పట్టినట్టు ఊరుతుంటుంది. ఆ తడి ఉన్నంత మేర హంసపది. తడి ఆగిన చోట ఒక్క మొక్క లేదు, గీత గీసినట్టు.

మోకాళ్ల మీద కూర్చుని చూశాను. కాడ సన్నటి నల్ల తీగ, నల్లపూసలకు ఉండే మెరుపు. దానికి రెండు వైపులా విసనకర్ర ముక్కల్లాంటి ఆకులు. సీసాలో నీళ్లు కాసిని చిలకరిస్తే ఆకు తడవదు, బొట్లు పాదరసంలా జారిపోతాయి. అడియాంటం అన్న గ్రీకు పేరుకు అర్థమే 'తడవనిది'. నీరు లేనిదే బతకదు, నీటిని ఒంటికి అంటనివ్వదు. ఒక పొడవాటి ఆకు కొస వంగి మట్టిని తాకింది. తాకిన చోట వేరు దిగి, చిటికెన వేలి గోరంత పిల్ల మొక్క లేచింది. రేపు దాని ఆకు ఇంకో చోట వంగుతుంది. అలా రాయి వెంట నడుచుకుంటూ పోతుంది ఈ మొక్క.

ఆకు అంచు కిందికి మడిచినట్టు ఉంటుంది. ఆ మడత కింద సిద్ధబీజాల సంచులు. అవి పగిలి తడి మట్టి మీద పడితే వెంటనే ఫెర్న్ రాదు. ముందు పప్పు బద్దంత, గుండె ఆకారంలో, పల్చటి పచ్చ పొర వస్తుంది. మగ కణం ఆడ కణం దగ్గరికి ఈదుకుంటూ పోయేది ఆ పొర కిందే. మధ్యలో నీటి తడి లేకపోతే పెళ్లి లేదు, పిల్ల లేదు. పెద్ద ఫెర్న్‌ను కాపాడాలని అందరూ అంటారు గానీ ఈ పొరను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చూస్తే పాచి అనుకుంటారు. నేను కూడా ఆ రాయి మీద గంటసేపు భూతద్దం పెట్టి వెతికాకే మూడు కనిపించాయి. మూడింటిలో రెండు నా మోకాలు ఆన్చిన చోట్లోనే ఉన్నాయి.

తాడుతో మీటరు చదరం కట్టి లెక్క మొదలుపెట్టాం. మావాడు లెక్కపెడతాడు, నేను రాస్తాను. దీవి మీద నాలుగు చదరాలు, మధ్యాహ్నం అవతలి ఒడ్డున అలాంటి తడి రాయి మీదే నాలుగు. దీవి మీద హంసపది, క్రిస్టెల్లా, పొదల మీదికి పాకే లైగోడియం అనే ఫెర్న్‌లు కనిపించాయి. ఒడ్డున మేకల అడుగులు, పెంటికలు, కొస కొరికిన కాడలు. హంసపది అక్కడా ఉంది, కానీ మేక మూతి దూరని సందుల్లోనే. ఎనిమిది చదరాలతో ఏదీ రుజువు కాదు. కనీసం మూడు వానాకాలాలు, అవే చదరాల్లో, అవే నెలల్లో లెక్కపెట్టాలి. అయినా ఆ పూట నాకు అర్థమైనంత వరకు, ఈ దీవుల విలువ కొత్త జాతుల్లో లేదు. మేకలు దాటి రాని నీళ్లు చుట్టూ ఉండటంలో ఉంది.

తిరుగు పడవలో అన్న మనవరాలు కూడా ఎక్కింది. ఏడెనిమిదేళ్లు ఉంటాయి. నా చేతిలోని కొమ్మ చూసి అడిగింది.

"దీనికి పువ్వెప్పుడొస్తది మేడం?"

"రాదు బిడ్డా. ఎప్పుడూ రాదు."

"మరి బతుకమ్మల పెట్టరాదు కదా. ఇంకెందుకిది?"

తంగేడు, గునుగు గట్ల మీద విరగబూసే రోజులవి. ఆ పిల్లకు చెప్పడానికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

మూడో రోజు: తాడ్వాయి, బొగత

పస్రాలో టీ తాగి తాడ్వాయి వైపు బయల్దేరాం. 2024 ఆగస్టు 31న వీచిన సుడిగాలికి ఈ అడవిలో కొన్ని గంటల్లోనే వేలాది చెట్లు కూలాయి. కూలిన చోట ఇప్పుడు ఎండ నేరుగా నేలకు తగులుతోంది. అభయారణ్యం కాబట్టి ఆకు కూడా తెంపలేదు, దారి పక్క నుంచే ఫొటోలు తీశాం. నీడకు అలవాటు పడ్డ మొక్కలు ఎండలో పడితే ఏమవుతాయో చూడటానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. అయితే గాలికి ముందు అక్కడ నేల మీద ఏ ఫెర్న్‌లు ఉన్నాయో నా దగ్గర లెక్క లేదు. ముందు ఎంతుందో తెలియనప్పుడు ఎంత పోయిందని చెప్పాలి? లైగోడియం మాత్రం కూలిన కొమ్మల మీదికి తీగలు చాచి ఎక్కుతోంది. దానికి ఎండ ఇష్టం.

ముల్లకట్ట వంతెన మీద ఆగి గోదావరి చూశాం. వాజేడు మండలంలోని బొగత దగ్గర జలపాతం ఎర్రగా, హోరుగా ఉంది. నీటి తుంపర పడే రాళ్లన్నీ ఫెర్న్‌లకు ఇళ్లే. దగ్గరికి పోనివ్వలేదు, వరద ఎక్కువగా ఉంది. పోనివ్వకపోవడమే న్యాయం. కానీ చిక్కంతా ఇక్కడే ఉంది. హంసపది లాంటివి వేసవిలో ఆకులన్నీ రాల్చేసి మట్టి కింద దుంపగా పడుకుంటాయి. మార్చిలో హాయిగా కారులో వచ్చి చూసిన వాళ్లు "ఇక్కడేం లేవు" అని రాసుకుని పోతారు. మొక్కలు పైకి వచ్చే నెలల్లో వాగులు పొంగుతాయి, దారులు తెగుతాయి, జలగలు పడతాయి, కాలేజీలో ఇంటర్నల్స్ ఉంటాయి. మన వైపు ఫెర్న్‌ల గురించి తెలిసింది తక్కువ కావడానికి సగం కారణం క్యాలెండరే.

సాయంత్రం ఓ ఊరి అంగడిలో మూలికలమ్మే తాత దగ్గర ఎండిన మయూరశిఖ అనే ఫెర్న్ కట్ట కొన్నాను. ఇరవై రూపాయలు. గోధుమరంగు చిన్న పిడికిళ్లలా ముడుచుకుని ఉన్నాయి, అన్నీ వేళ్లతో సహా పీకినవే. ఎక్కడివని అడిగితే "గుట్టల మీదియి బిడ్డా" అన్నాడు. ఏ గుట్టో చెప్పలేదు. చెప్పడు కూడా, అది ఆయన బతుకుతెరువు.

నాలుగో రోజు: వాన, లాడ్జి

రోజంతా వాన. బయటికి పోలేదు.

రాత్రి స్టీలు గ్లాసులో నీళ్లు పోసి మయూరశిఖ మొక్కలు మూడు అందులో వేసి పడుకున్నాను. తెల్లారి చూస్తే మూడూ నెమలి పింఛాల్లా విప్పుకున్నాయి. మావాడు వీడియో తీసి "చచ్చిన మొక్క లేచింది" అని వాళ్ల గ్రూపులో పెట్టబోతుంటే ఆపాను. విప్పుకోవడం బతికినట్టు కాదు. ఎండిన ఆకు నీళ్లు పీలిస్తే ప్రాణం లేకపోయినా విప్పుకుంటుంది. పచ్చబడితేనే బతికినట్టు. సాయంత్రానికి ఒక్కదాని మొదట్లో పచ్చ జాడ కనిపించింది. మిగతా రెండు గోధుమరంగులోనే ఉండిపోయాయి. ఒకటి బతికి రెండు చచ్చాయి అని వాడు గ్రూపులో పెట్టాడు. లైకులు పెద్దగా రాలేదట.

ఆ రోజు అసలు దెబ్బ ప్రెస్సుకు తగిలింది. వాన కాలంలో పేపర్లు రోజుకు రెండుసార్లు మార్చాలి. పిల్లలకు ఏటా చెప్పే మాటే. బొగత హడావిడిలో నేనే ఒక రోజంతా మార్చలేదు. బెల్టు విప్పితే ముక్క వాసన. క్రిస్టెల్లా ఆకుల మీద తెల్లటి బూజు. పదిహేను నమూనాల్లో ఆరు పారేయాల్సి వచ్చింది. ఫెర్న్ నమూనా అంటే ఊరికే ఆకు కాదు. కింది దుంప, దాని మీది పొలుసులు, వెనక సిద్ధబీజాలున్న ఆకు, అన్నీ ఉండాలి. లేకపోతే ఏ జాతో తేల్చలేం. పారేసిన వాటిలో రెండు అలాంటి పూర్తి నమూనాలే. లాడ్జి ఇస్త్రీ పెట్టె అడిగి తెచ్చి మిగతా పేపర్లను ఇస్త్రీ చేస్తూ కూర్చున్నాం. గది అంతా ఉడికిన ఆకుల వాసన.

వరండాలో కుండీల నిండా బోస్టన్ ఫెర్న్ ఉంది, కడియం నర్సరీల నుంచి లారీల్లో అన్ని ఊళ్లకూ వచ్చే రకం. అందంగా ఉంది, కాదనను. కుండీలో ఉన్నన్నాళ్లు పేచీ లేదు. వాగు పక్క రిసార్టుల్లో దాన్ని నేలలో నాటడం చూసినప్పుడల్లా నాకు హుకర్ గుర్తొస్తాడు.

ఐదో రోజు: పాలంపేట దారిలో

వాన తెరిపిచ్చింది. రామప్ప ముందే చూసిందే కాబట్టి గుడి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి బయటపడ్డాం.

దారిలో పేరు రాయదలచుకోని ఊళ్లో ఒక చిన్న పాత గుడి ఉంది. నిరుడు నేను చూసినప్పుడు దాని వెనక గోడ రాళ్ల అతుకుల్లో పచ్చటి ఫెర్న్‌లు బారులు తీరి ఉండేవి. ఏ జాతో చూద్దామని ఈసారి భూతద్దం తీసుకుని పోతే గోడ తెల్లగా మెరుస్తోంది. పండక్కి గీకి, ప్రెషర్ పంపుతో కడిగి, సున్నం కొట్టారట. ఊరి పెద్దమనిషి గర్వంగా చూపించాడు. "చూడున్రి మేడం, పాచంతా పోయింది." ఆయన్ని ఏమంటాం? గుడి శుభ్రంగా ఉండాలనుకోవడం తప్పు కాదు. రావి మొలకైతే నేనే పీకమంటాను, దాని వేరు రాయిని చీలుస్తుంది. ఫెర్న్ వేరు పైపైన మట్టిని పట్టుకుంటుంది తప్ప గోడను కూల్చేంత శక్తి దానికి లేదు. ఆ తేడా చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. నిరుడు ఫొటో అయినా తీసుకోలేదే అని దారి పొడవునా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంకో ఊళ్లో పంచాయతీ కార్యదర్శిని ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ చూపించమని అడిగాను. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ఊరి మొక్కలు, పశువులు, విత్తనాలు అందులో రాసుకోవాలి. బీరువా అడుగు నుంచి తీశారు. మామిడి, ఇప్ప, తునికి, వేప ఉన్నాయి. చేపల జాబితా బాగా రాశారు, రాసినవాళ్లకు చేపలు తెలుసని ఇట్టే తెలుస్తోంది. ఫెర్న్ ఒక్కటీ లేదు. అజొల్లా కూడా లేదు. ఆ ఊళ్లోనే బర్రెల కోసం సిమెంటు తొట్లలో పెంచుతున్నారు. అదీ ఫెర్నే అంటే కార్యదర్శి నమ్మలేదు. "గది నాచు కదా మేడం!" చివరి పేజీలో ఖాళీ ఉంటే, ఆయన అనుమతితో పెన్సిలుతో రాశాను: హంసపది, ఊరి తూర్పు వాగు పక్క తడి రాళ్లు, వానాకాలం. తారీఖు వేశాను. పెన్సిలు ఎందుకని మావాడు అడిగాడు. కార్యదర్శి తన పెన్నుతో దాని మీద దిద్దాడు.

ఆరో రోజు: ఇల్లు

వరంగల్ వచ్చాక ఇంటికి పోకుండా మా వీధి చివరి పాత బావి దగ్గర ఆగాం. చిన్నప్పటి నుంచీ చూస్తున్న బావి. సున్నం అతుకుల గోడ మీద ప్టెరిస్ విట్టాటా అనే ఫెర్న్ బారెడు ఆకులతో వేలాడుతోంది. సున్నం దానికి ఇష్టం. నేలలోని ఆర్సెనిక్ విషాన్ని వేళ్లతో లాగి ఆకుల్లో దాచుకుంటుందని 2001లో కనిపెట్టింది దీని గురించే. విషపు నేలను శుభ్రం చేసే మొక్క మా వీధిలో చెత్త బావిలో ఉంది. ఆరు రోజులు తిరిగొచ్చి మొదటిసారి దానికి ఒక నమూనా చీటీ రాశాను. చోటు అన్న దగ్గర మా ఇంటి వీధి పేరే రాయాల్సి వచ్చింది.

రాత్రి దీవి మీది హంసపది ఆకుల్ని మడిచి పెట్టిన పేపర్ విప్పాను. ఆకు కింద, దాని అంచు ఆకారంలోనే, కాఫీపొడి లాంటి దుమ్ము రాలి ఉంది. సిద్ధబీజాలు. పచ్చటి సిద్ధబీజాలైతే రోజుల్లోనే చస్తాయి. ఇలా గోధుమరంగువైతే పొడిగా, చల్లగా పెడితే ఏళ్లు నిలుస్తాయి. సగం చిన్న కవరులో మడిచి, తారీఖు, దీవి, రాయి వివరం రాసి ఫ్రిజ్‌లో పెట్టాను. కరివేపాకు డబ్బా పక్కన. ఇంట్లోవాళ్లు కషాయం పొడి అనుకోకుండా పైన 'తాగొద్దు' అని రాశాను. మిగతా సగం కోసం ఇటుక ముక్కను నీళ్లలో మరిగించి చల్లార్చి, ఖాళీ పెరుగు డబ్బాలో పెట్టి, దాని మీద చల్లి, మూత వేసి కిటికీ నీడలో ఉంచాను.

నెల దాటాక ఇటుక మీద పచ్చటి మసక వచ్చింది. మరో మూడు వారాలకు భూతద్దంలో గుండె ఆకారాలు కనిపించాయి, పద్నాలుగు. డబ్బాను క్లాసుకు తీసుకెళ్తే గోవిందరావుపేట అమ్మాయి చాలాసేపు చూసింది.

"గివి మా దీవి మీదియేనా మేడం?"

అవే కావచ్చు. మా బావి గోడ మీది ప్టెరిస్ సిద్ధబీజం గాలికి వచ్చి డబ్బాలో పడి ఉండొచ్చు కూడా. ఈ దశలో రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి. మొదటి ఆకు లేచేదాకా ఆగాలని చెప్పాను. డబ్బా మూత వేసి, నీళ్లు చిలకరించే డ్యూటీ ఆ అమ్మాయికే ఇచ్చాను.